తెలుగు ఫాంట్లలో తరగతులు: ఏ అక్షరం ఏ పనికి, ఎంత సైజులో

విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకం వేయించే ప్రచురణకర్తకు కావలసిన అక్షరం వేరు. గుంటూరు అరండల్‌పేటలో శుభలేఖ వేసే ప్రెస్సుకు కావలసింది వేరు. బందరు రోడ్డు పక్కన ఫ్లెక్సీ కట్టించే కొట్టుకు కావలసింది మరీ వేరు. కానీ కంపోజింగ్ కంప్యూటర్లో చేతికి అలవాటైన నాలుగైదు ఫాంట్లే అన్ని పనులకూ తిరుగుతుంటాయి. దాని ఫలితం అందరూ చూస్తున్నదే. పుస్తకంలో ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. నాసిరకం కాగితం మీద వేసిన కరపత్రంలో ‘థ’ చుక్క పూడిపోయి ‘ధ’లా కనిపిస్తుంది. ఫ్లెక్సీ మీద ఫోన్ నంబరు తప్ప మరేదీ బండి మీద వెళ్లేవాళ్ల కంటికి అందదు. మంచి ఫాంటే అయినా తన తరగతికి చెందని పనికి పెడితే ఇలాగే జరుగుతుంది. కాబట్టి పేరు చూసి ఎంచుకునే అలవాటు మాని, అక్షరం కట్టుబడి చూసి ఎంచుకోవడం ఎలాగో వరసగా చూద్దాం.

మొదటి మెట్టు: ఇంగ్లిష్ తరగతులు తెలుసుకోండి, అక్కడే ఆగిపోకండి

రోమన్ లిపి టైపును తరగతులుగా విడగొట్టే పద్ధతుల్లో బాగా వాడుకలోకి వచ్చింది ఫ్రాన్సుకు చెందిన మాక్సిమిలియన్ వోక్స్ 1954లో ప్రతిపాదించినది. దాన్ని కుదించి చెప్పుకుంటే పెద్ద విభజన ఒక్కటే: గీతల చివర చిన్న పాదాలున్న సెరిఫ్, అవి లేని శాన్స్ సెరిఫ్.

సెరిఫ్‌లో గారమండ్, కాస్లన్ లాంటివి పాత తరం. వాటిలో గీత మందంలో తేడా తక్కువ, అక్షరం కాస్త వాలిన కలం పోకడ కనిపిస్తుంది. 1757 నాటి బాస్కర్‌విల్‌తో తేడా పెరిగింది, అక్షరం నిటారుగా నిలబడింది. బొడోనీ, డీడో దగ్గరికి వచ్చేసరికి మందపు గీత బాగా మందం, సన్నపు గీత వెంట్రుకంత. 1934లో వచ్చిన రాక్‌వెల్ లాంటి స్లాబ్ సెరిఫ్‌లలో పాదాలు కూడా గీతంత లావుగా ఉంటాయి.

శాన్స్ సెరిఫ్‌లో 1957లో వచ్చిన హెల్వెటికాది ఒక దారి. వృత్తం, నిలువు గీతల లెక్కతో కట్టిన 1927 నాటి ఫ్యూచురాది ఇంకో దారి. చేతిరాత ఒంపు కొంత మిగుల్చుకున్న 1928 నాటి గిల్ శాన్స్‌ది మరొకటి. వీటి పక్కన చేతిరాత తరహావి, శీర్షికల కోసమే గీసినవి, ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు ఉండే మోనోస్పేస్ రకాలు ఉంటాయి.

ఇంగ్లిష్, తెలుగు కలిపి వేసే పని మన దగ్గర ఎక్కువ కాబట్టి ఈ మాత్రం తెలియాలి. అయితే ఇదే కొలబద్దను తెలుగు మీద పెట్టి, తలకట్టు ఉంది కదా సెరిఫ్ అనుకుంటేనే చిక్కు. తలకట్టు అలంకారం కాదు, అక్షరంలో భాగం. ‘క’కు గుడి ఇస్తే తలకట్టు పోయి ‘కి’ అవుతుంది. ‘జ’, ‘ట’, ‘బ’, ‘ల’లకు అసలు తలకట్టే లేదు. తెలుగు ఫాంట్ల పేర్లలో కనిపించే ‘శాన్స్’, ‘సెరిఫ్’ అన్న మాటలు పక్కన పెట్టుకోవలసిన ఇంగ్లిష్ అక్షరం ఏ రకమో చెబుతాయి, తెలుగు గీత ఎంత ఎగుడుదిగుడుగా ఉందో సూచిస్తాయి. అంతకు మించి ఏమీ చెప్పవు.

రెండో మెట్టు: అక్షరాన్ని నాలుగు చోట్ల కొలవండి

ఫాంట్‌ను 150 పాయింట్ల సైజులో తెర మీద పెట్టి ‘న’, ‘థ’, ‘క్ష్మి’, ‘ష్ట్రం’ కొట్టండి.

మొదట గీత మందం. ‘న’ చుట్టూ కన్ను తిప్పితే గీత ఒకే మందంగా సాగుతోందా, పక్కల లావై పైనా కిందా సన్నబడుతోందా చూడండి. సన్నపు చోటు మందపు చోటులో మూడో వంతుకన్నా తగ్గితే, ఆ అక్షరానికి మంచి కాగితం, మంచి ప్రింటింగు కావాలి.

రెండోది లోపలి ఖాళీ. తెలుగు అక్షరానికి గుర్తింపు చాలావరకు లోపలి చిన్న గుర్తుల్లోనే ఉంది. ‘ద’, ‘ధ’, ‘థ’ల మధ్య తేడా ఒక పొడుగ్గీత, ఒక చుక్క. ‘ప’, ‘ష’, ‘ఫ’లు, ‘డ’, ‘ఢ’లు, ‘బ’, ‘భ’లు కూడా అంతే. లోపల ఖాళీ చాలని ఫాంట్‌లో ఈ గుర్తులు ముందుగా పూడిపోతాయి.

మూడోది ఒత్తు లోతు. మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే, ఎక్కువమంది చూడనిదీ ఇదే. ‘న’ ఎత్తును స్కేలుతో కొలవండి. ‘ష్ట్రం’లో కింద వేలాడే రెండు ఒత్తుల మొత్తం లోతును కొలవండి. కొన్ని ఫాంట్లలో రెండో ఒత్తు మొదటిదాని కింద పడుతుంది, కొన్నింటిలో పక్కకు జరుగుతుంది. కిందకు దిగేదానికి వరసల మధ్య జాగా ఎక్కువ కావాలి, పక్కకు జరిగేదానికి మాట వెడల్పు పెరుగుతుంది. పుస్తకం ఎన్ని పేజీలవుతుందో ఈ ఒక్క గుణం నుంచే తేలుతుంది.

నాలుగోది గీత చివర: గుండ్రంగా ముగిసిందా, కత్తిరించినట్టుందా, కుంచె విడిచినట్టుందా. ప్లాటర్ (స్టిక్కర్ కోసే యంత్రం) మీద కోసే పనికీ, ఎల్ఈడీ బోర్డులకూ ఇది అవసరం.

మూడో మెట్టు: తరగతి కట్టండి

తెలుగుకు అందరూ ఒప్పుకున్న వర్గీకరణ అంటూ స్థిరపడలేదు. పైన కొలిచిన నాలుగింటిని బట్టి పనికొచ్చే విభజన ఇలా ఉంటుంది.

పుస్తకపు అక్షరాలు. సీసపు టైపు కాలం నాటి పోకడ ఉన్నవి. గీతలో మందం తేడా కనిపిస్తుంది, ఒత్తులు స్పష్టంగా ఉంటాయి, పేజీ మీద నలుపు సమంగా పరుచుకుంటుంది. టీరో తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు ఈ కోవలోవి. నవల, శతక వ్యాఖ్యానం, సాహిత్య వ్యాసం లాంటి నిదానంగా చదివే వాటికి ఇవే.

సమగీత అక్షరాలు. గీత మందం దాదాపు ఒకటే. నోటో శాన్స్ తెలుగు, విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ, ఇండియన్ టైప్ ఫౌండ్రీ వారి హింద్ గుంటూర్, ఎక్ టైప్ వారి అనెక్ తెలుగు ఇందులోకి వస్తాయి. ఫోన్ తెర, వెబ్‌సైటు, దరఖాస్తు ఫారం, ధరల పట్టిక, మందు చీటీ వెనక సూచనలు లాంటి చిన్న సైజు సమాచారానికి వీటిని మించినవి లేవు. హింద్ గుంటూర్ లైట్ నుంచి బోల్డ్ దాకా అయిదు మందాల్లో దొరుకుతుంది. అనెక్‌లో మందంతో పాటు వెడల్పును కూడా మార్చుకోవచ్చు కాబట్టి ఇరుకు కాలమ్‌లో, పెద్ద బోర్డులో ఒకే కుటుంబాన్ని వాడవచ్చు. మన ఊరి పేరు పెట్టుకున్న అక్షరం ప్రపంచమంతా ఉచితంగా దొరకడం గుంటూరు వాళ్లకు ముచ్చటైన సంగతే, కానీ నవల పాఠానికి మాత్రం దాన్ని పెట్టకండి. రెండొందల పేజీలు ఒకే మందం గీత చదివితే కన్ను అలుస్తుంది.

శీర్షిక అక్షరాలు. లావు గీత, తక్కువ లోపలి ఖాళీ. రామభద్ర, బాలూ తమ్ముడు లాంటివి. 24 పాయింట్లకు తక్కువలో వాడకూడదు.

చేతిరాత అక్షరాలు. బాపు చేతిరాతను అనుసరించినవి, లక్కిరెడ్డి లాంటివి. శుభలేఖ మీద పేర్లకు, పుస్తకం అట్టకు, పిల్లల కథ శీర్షికకు అందం. వరసగా నాలుగైదు వాక్యాలు దాటితే చదవడం కష్టం.

సన్నటి పొడుగు అక్షరాలు. చతుర లాంటివి. ఇరుకు జాగాలో పెద్ద శీర్షిక పట్టించాలంటే పనికొస్తాయి. అదే పాయింటు సైజులో మిగతావాటికన్నా చిన్నగా కనిపిస్తాయి కాబట్టి సైజు బాగా పెంచాలి.

పేర్లను నమ్మి మోసపోకండి. రామభద్ర, ధూర్జటి, పెద్దన, తిమ్మన, తెనాలి రామకృష్ణ అని అష్టదిగ్గజాల పేర్లున్న ఫాంట్లు వరసగా కనిపిస్తే ఒక కుటుంబం అనుకుంటారు. అవి విడివిడి ఫాంట్లు. ఒకటి శీర్షిక, ఒకటి పాఠం అని జత కట్టే ముందు ప్రతిదాన్నీ విడిగా కొలవాలి.

నాలుగో మెట్టు: బోల్డ్ బటన్ నొక్కే ముందు

మన ఉచిత ఫాంట్లలో చాలావాటికి ఒకే మందం ఉంటుంది. మండలి అందుకు ఉదాహరణ. అలాంటి ఫాంట్‌కు వర్డ్‌లో బోల్డ్ నొక్కితే, లేని మందాన్ని సాఫ్ట్‌వేర్ గీత చుట్టూ పూత పూసి పుట్టిస్తుంది. ఇంగ్లిష్‌లో ఇది కొంతవరకు చెల్లుతుంది. తెలుగులో ‘థ’ చుక్క, ‘ష’ లోపలి గీత, ‘క్ష’ మెలిక అన్నీ మూసుకుపోతాయి. ఇటాలిక్ నొక్కినా అంతే, అక్షరం మొత్తం ఒరిగి ఒత్తు పక్క అక్షరం కిందికి జారుతుంది.

కాబట్టి పుస్తకానికి ఫాంట్ తేల్చుకునేటప్పుడే దానికి కనీసం రెండు అసలు మందాలు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ఉపశీర్షికలకు మరో తరగతి ఫాంట్ జత చేయండి. పాఠం పుస్తకపు అక్షరంలో, ఉపశీర్షిక సమగీత బోల్డ్‌లో పెడితే చక్కగా కుదురుతుంది. ఒకే తరగతిలోని రెండు ఫాంట్లను పక్కపక్కన పెట్టకండి, పొరపాటున మారినట్టుంటుంది. వాక్యంలో ఒక మాటను ఎత్తిచూపాలంటే ఇటాలిక్ జోలికి పోకుండా కొటేషన్ గుర్తులు పెట్టడం తెలుగుకు నప్పే పద్ధతి.

అయిదో మెట్టు: సైజు, లీడింగ్

పాయింటు సంఖ్య అన్ని ఫాంట్లకూ ఒకే ఎత్తు ఇవ్వదు. అను లాంటి పాత ఫాంట్లలో వేసిన పుస్తకాన్ని యూనికోడ్‌కి (వెబ్‌లోనూ ఫోన్‌లోనూ చెల్లే ఉమ్మడి అక్షర పద్ధతికి) మార్చేటప్పుడు పాత సంఖ్యను అలాగే ఉంచితే అక్షరం బాగా పెద్దదో చిన్నదో అవుతుంది. పాత పుస్తకంలో ‘న’ ఎత్తును కొలిచి, కొత్త ఫాంట్‌లో అదే ఎత్తు వచ్చే సంఖ్య పట్టుకోండి.

డెమ్మీ 1/8, అంటే సుమారు 5.5 × 8.5 అంగుళాల పుస్తకానికి యూనికోడ్ పుస్తకపు అక్షరాల్లో 12, 13 పాయింట్ల దగ్గర మొదలుపెట్టండి. పెద్దవాళ్లు చదివే భక్తి పుస్తకమైతే 15, 16. లీడింగ్, అంటే ఒక వరస నుంచి తర్వాతి వరసకు దూరం, సైజుకు 1.4 నుంచి 1.5 రెట్లు: 13 పాయింట్లకు 18 లేదా 19. ఇంగ్లిష్‌కు సరిపోయే 1.2 తెలుగుకు చాలదు, ఎందుకంటే పై వరస ఒత్తు కిందికి, కింది వరస గుడి పైకి వచ్చి ఒకే జాగా కోసం పోటీపడతాయి. సరిచూడాలంటే ఒక వరసలో ‘రాష్ట్రం’, సరిగ్గా దాని కింద ‘కీర్తి’ వచ్చేలా రెండు వరసలు కొట్టండి. మధ్యలో సన్నటి తెల్ల గీత కనిపిస్తే లీడింగ్ చాలినట్టు. లీడింగ్‌ను ఆటోమేటిక్‌గా వదిలేయకండి. గౌతమి లాంటి ఫాంట్లు తమంతట తామే చాలా జాగా తీసుకుంటాయి, పేజీ వెలవెలబోతుంది.

ఖర్చు లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. ఎంచుకున్న రెండు మూడు ఫాంట్లలో ఒకే రెండు పేజీల పాఠాన్ని పోసి చూడండి. 16 పేజీలు కలిపి అచ్చేసే ఫారం లెక్కన 160 పేజీల పుస్తకం 10 ఫారాలు. 8 శాతం ఎక్కువ జాగా తీసుకునే ఫాంట్ పెడితే అదే పుస్తకం 173 పేజీలై 11వ ఫారంలోకి పోతుంది. కాగితం, ప్లేటు, మడత అన్నీ ఒక ఫారం మేర పెరుగుతాయి. సైజు తగ్గించి ఆ ఫారం మిగుల్చుకుందామని చూసే బదులు ఫాంట్ మార్చడం మేలు. చదువరి కంటిలో కోత పెట్టి మిగిల్చే డబ్బు నిలవదు.

రెండు మార్జిన్లకూ సమంగా సర్దేటప్పుడు తెలుగులో పొడుగు మాటల వల్ల వరసలో పెద్ద ఖాళీలు వస్తాయి. ట్రాకింగ్ (అక్షరాల మధ్య దూరం) తగ్గించి నొక్కకండి, పక్కపక్క ఒత్తులు ఢీకొంటాయి. మాటను విరవండి. విరిచేది అక్షరం పూర్తయిన చోటే: ‘ప్రభు-త్వం’ సరి. సంయుక్తాక్షరాన్ని చీల్చకూడదు.

ఆరో మెట్టు: పక్కన ఇంగ్లిష్ ఉంటే

తెలుగు ఫాంట్‌లో ఇంగ్లిష్ అక్షరాలు లేకపోతే సాఫ్ట్‌వేర్ తనకు తోచిన ఫాంట్‌ను తెచ్చి పెడుతుంది. బ్యాంకు ఫారంలో తెలుగు లావుగా, ఇంగ్లిష్ బక్కగా ఉండడానికి కారణం ఇదే. నోటో, హింద్ గుంటూర్, అనెక్ కుటుంబాల్లో రెండు లిపులూ కలిపే గీశారు కాబట్టి ముందు అవే చూడండి. విడిగా జత కట్టాలంటే పుస్తకపు తెలుగుకు బాస్కర్‌విల్ తరహా, సమగీత తెలుగుకు గిల్ శాన్స్ తరహా నప్పుతాయి. బొడోనీ మన గుండ్రటి అక్షరాల పక్కన గీతలు గీతలుగా విడిపోయి కనిపిస్తుంది. జత కుదిరాక ఇంగ్లిష్ సైజును 85, 90, 95 శాతాలకు తగ్గించి మూడు ప్రింట్లు తీయండి. ఇంగ్లిష్ చిన్నబడి ‘a’ లాంటి అక్షరం ‘న’ ఎత్తుకు ఎక్కడ దగ్గరపడిందో అదే సరైన శాతం. అంకెలు కూడా అదే ఫాంట్ నుంచి రావాలి.

ఏడో మెట్టు: కాగితం, పని చూసి ఖాయం చేయండి

న్యూస్‌ప్రింట్, పలచటి కరపత్రం కాగితం మీద సిరా పాకుతుంది. గీత లావెక్కుతుంది, లోపలి ఖాళీ తగ్గుతుంది. అక్కడ మధ్యస్థ మందం సమగీత అక్షరం పెట్టండి. ఆర్ట్ పేపర్ మీద ఆఫ్‌సెట్ అయితే సన్నపు గీత కూడా నిలుస్తుంది.

పాఠం నలుపు ఒక్క ప్లేటులోనే ఉండాలి: నలుపు 100, మిగతా మూడు రంగులు సున్నా. వర్డ్ నుంచో ఫోటోషాప్ నుంచో వచ్చిన నలుపు నాలుగు రంగులుగా విడిపోతే, ప్లేట్లు వెంట్రుక మందం జరిగినా ఒత్తుల చుట్టూ రంగు అంచు వస్తుంది. అక్షరం మసకబారింది, ఫాంట్ బాగోలేదు అని వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. ముదురు రంగు మీద తెల్ల అక్షరం వేస్తే చుట్టూ ఉన్న సిరా అక్షరంలోకి పాకుతుంది, అందుకని ఒక మందం పెంచి, సైజు కూడా ఒక పాయింటు పెంచండి.

శుభలేఖల్లో స్క్రీన్ ప్రింటింగ్, బంగారు రేకు అద్దకం ఎక్కువ. అక్కడ మరీ సన్నని గీత తెగుతుంది, బొద్దు అక్షరంలో ఖాళీలు పూడుతాయి. వధూవరుల పేర్లు చేతిరాత అక్షరంలో 28 పాయింట్లకు తగ్గకుండా, ముహూర్తం, కల్యాణ మండపం చిరునామా సమగీతలో పెట్టండి. చిరునామా కూడా అలంకారపు అక్షరంలో పెడితే బంధువులు దారి అడుగుతూ ఫోన్లు చేస్తారు.

ఫ్లెక్సీకి దూరం లెక్క. బోర్డుల పనిలో 10 అడుగుల దూరానికి 1 అంగుళం ఎత్తు అక్షరం అనే లెక్క ఇంగ్లిష్‌కు వాడుకలో ఉంది. తెలుగులో లోపలి గుర్తులు ఎక్కువ కాబట్టి దాన్ని ఒకటిన్నర చేసుకోండి, అదీ ఒత్తు కలపకుండా ‘న’ ఎత్తు. రోడ్డు అవతల 60 అడుగుల నుంచి చదవాలంటే 9 అంగుళాలు. బెంజ్ సర్కిల్ లాంటి చోట బండి మీద వెళ్లేవాళ్లు ఐదారు మాటలకు మించి చదవలేరు కాబట్టి మాటలు తగ్గించి అక్షరం పెంచండి. అక్షరం చుట్టూ తెల్ల అంచు, దాని వెనక నీడ రెండూ పెడితే ఒత్తులు ముద్దవుతాయి. పెడితే ఒక్కటే, అదీ అక్షరం బయటి వైపే.

రేడియం స్టిక్కర్ కటింగ్‌కు గుండ్రటి చివరలున్న సమగీత మేలు. మొనదేలిన చివరలు త్వరగా లేస్తాయి. ‘ప’, ‘స’, ‘హ’ల మీద తలకట్టు చాలా ఫాంట్లలో విడి ముక్క. బండి మీద స్టిక్కర్‌లో ముందు రాలేది అదే. యాక్రిలిక్, ఎల్ఈడీ బోర్డుల్లో కూడా ఆ ముక్కను విడిగా బిగించాలి కాబట్టి, తలకట్టు అక్షరానికి తగిలేలా కర్వ్ (అక్షరపు అంచు గీత) మార్చుకుంటే పని తేలికవుతుంది.

ఎనిమిదో మెట్టు: సాఫ్ట్‌వేర్‌లో అక్షరం విరగకుండా

పేజ్‌మేకర్ యూనికోడ్ తెలుగును అర్థం చేసుకోదు. అక్కడ అను లాంటి పాత ఫాంట్లే నడుస్తాయి. ఆ ఫైలులోని పాఠాన్ని వెబ్‌లోనో ఫోన్‌లోనో పెట్టాలంటే కన్వర్టర్‌తో యూనికోడ్‌కి మార్చి, ప్రూఫు మళ్లీ మొదటినుంచి చూడాలి. ఒత్తులు, సున్నాలు ఎక్కువగా తారుమారయ్యేది మార్పిడిలోనే.

ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ పాఠం పోసినప్పుడు ‘క్ష’ విడిపోయి ‘క్‌ష’గా కనిపిస్తే ఫాంట్‌ను తప్పుబట్టకండి. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి. దాన్ని పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే పెట్టేస్తే ప్రతి పేజీలో వెతకనక్కరలేదు.

‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ‘ట్’ పొల్లుగా నిలవాలంటే దాని తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలను కలవనివ్వని, కంటికి కనిపించని గుర్తు) ఉండాలి. లేకపోతే ‘వ’ ఒత్తయి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. వర్డ్‌లో ఆ చోట ఇంగ్లిష్ కీబోర్డుతో 200సి కొట్టి వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. ఇన్‌డిజైన్‌లో టైప్ మెనూలోని ప్రత్యేక అక్షరాల జాబితాలో నాన్-జాయినర్ అని ఉంటుంది.

పాత కావ్యాలు వేసేవాళ్లు అరసున్న, ‘ఱ’, ‘ౘ’, ‘ౙ’, తెలుగు అంకెలు ఫాంట్‌లో ఉన్నాయో లేదో ముందే కొట్టి చూడాలి. నకారపు పొల్లు పాత రూపానికి యూనికోడ్‌లో విడి స్థానం 2021లో వచ్చింది కాబట్టి అంతకు ముందటి ఫాంట్లలో అది ఉండదు. లేని అక్షరం చోట డబ్బా కనిపిస్తుంది, లేదా మరో ఫాంట్ నుంచి అరువు వస్తుంది. అరువు వచ్చినది ప్రూఫులో సులభంగా తప్పించుకుంటుంది.

తొమ్మిదో మెట్టు: ప్రెస్సుకు ఇచ్చేటప్పుడు

ముందు అసలు కాగితం మీదే పరీక్ష ప్రింటు తీయండి. ఒకే పేరా 11, 12, 13, 14 పాయింట్లలో. అందులో రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, సంస్కృతి, వైశిష్ట్యం, అర్థం, ధర, ఫలం, భాష అన్న మాటలు తప్పక ఉండాలి. ట్యూబ్‌లైటు కింద, చేతి దూరంలో పెట్టి చూడండి. ‘అర్థం’లో థ ఒత్తు, ‘భ’ కింది గీత తడుముకోకుండా కనిపించే అతి చిన్న సైజుకు ఒక పాయింటు కలిపితే మీ పాఠం సైజు.

ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద వచ్చిన నోటో, హింద్ గుంటూర్, మండలి, రామభద్ర లాంటి వాటిని అమ్మే పుస్తకాల్లో, ప్రకటనల్లో నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. ఫాంట్ ఫైలును మాత్రమే విడిగా అమ్మకూడదు. కొనాల్సిన ఫాంట్లను పెన్‌డ్రైవ్‌లో పంచుకోవడం లైసెన్సు ఉల్లంఘనే.

పుస్తకానికి ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఇవ్వండి. అక్రోబాట్‌లో డాక్యుమెంట్ ప్రాపర్టీస్ తెరిచి, ఫాంట్స్ జాబితాలో ప్రతి పేరు పక్కనా ఎంబెడెడ్ అని ఉందేమో చూడండి. ఫ్లెక్సీ, స్టిక్కర్ ఫైళ్లను కోరల్‌డ్రాలో కంట్రోల్-క్యూతో కర్వ్స్‌గా (ఫాంట్ అక్కరలేని గీతల బొమ్మగా) మార్చి ఇవ్వండి. మార్చని కాపీని మీ దగ్గర విడిగా దాచుకోండి, కర్వ్స్ అయ్యాక ఫోన్ నంబరులో ఒక్క అంకె తప్పున్నా మళ్లీ కంపోజ్ చేయాల్సిందే. కర్వ్స్ చేశాక వైర్‌ఫ్రేమ్ వ్యూలో (రంగు లేకుండా అంచు గీతలే కనిపించే చూపులో) ఒకసారి చూడండి. ఒత్తు అక్షరం మీదికి ఎక్కిన చోట కొన్ని యంత్రాలు ఆ కలిసిన భాగాన్ని ఖాళీగా వదిలేస్తాయి, అలాంటివి కనిపిస్తే రెండు ముక్కల్నీ వెల్డ్ చేసి (ఒకే ఆకారంగా కలిపి) పంపండి.